ఆఫీసు రాయదుర్గంలో, ఇల్లు నాగోలులో: అద్దె ఇల్లు ఎక్కడ తీసుకోవాలో మేం ఎలా తేల్చుకున్నాం (నా అనుభవం)

నా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది, మావారిది సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ దగ్గర. హైదరాబాద్ తెలిసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఊరికి ఒకళ్ళం ఈ కొస, ఒకళ్ళం దాదాపు ఆ కొస. దీనికి తోడు పాప యూకేజీ, అత్తయ్యగారు మాతోనే ఉంటారు, పాపని స్కూలు నుంచి తీసుకొచ్చేది ఆవిడే, మోకాళ్ళ నొప్పులు కాబట్టి స్కూలు ఇంటికి దగ్గర్లో ఉండాలి. మావారికి విజయవాడ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యింది, అప్పటిదాకా ఇంటి నుంచే పని చేసుకుంటున్న నన్ను మా కంపెనీ కూడా ఆఫీసుకి రమ్మంది, రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ఇల్లు దొరికేదాకా ఈసీఐఎల్ ఏరియాలో పిన్ని వాళ్ళింట్లో దిగాం.

సలహాలకైతే కొదవ లేదు. మా టీమ్ లో ఎవర్ని అడిగినా కొండాపూర్, మణికొండ, నల్లగండ్ల అంటారు, మావారి ఆఫీసులో ఎవర్ని అడిగినా అల్వాల్, సైనిక్‌పురి, కొంపల్లి అంటారు. ఎవరికి వాళ్ళు వాళ్ళున్న ఏరియా గొప్పగా చెప్తారు, అక్కడ ఇల్లు కూడా కొనుక్కుని ఉంటే ఇంక ఆపలేం. పిన్నైతే "ఎక్కడున్నా ఏముందే, ఆడవాళ్ళకి బస్సు ఫ్రీయే కదా" అని తేల్చేసింది. ఫ్రీనే, 2023 డిసెంబర్ నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్ లేదు, నేనూ బాగానే తిరిగాను వాటిల్లో, కానీ పొద్దున ఎనిమిదిన్నరకి ఈసీఐఎల్ నుంచి హైటెక్ సిటీ వైపు బస్సులో వెళ్తే దిగేసరికి ఆఫీసులో పని చేసే ఓపిక మిగలదు, డబ్బు మిగిల్తే సరిపోతుందా మరి.

ఇల్లు వెతకడానికి ముందు మేం కూర్చుని మాట్లాడుకున్నది ఒక్క విషయం, ఎన్ని రోజులు ఆఫీసుకి వెళ్ళాలి అని. నాకప్పుడు వారానికి మూడు రోజులు, మావారికి రోజూ, పైగా కొన్ని శనివారాలు కూడా. లెక్క ప్రకారమైతే ఆయన ఆఫీసుకి దగ్గరగా తీసుకోవాలి, నాకు మూడు రోజులే కదా అనుకోవచ్చు. కానీ మా టీమ్ లో ఒకబ్బాయి వారానికి రెండు రోజులే అన్నప్పుడు ఊరికి బాగా దూరంగా కొల్లూరులో మంచి గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ తీసుకున్నాడు, ఆర్నెల్లు తిరక్కుండా హెచ్ఆర్ నుంచి మెయిల్, నాలుగు రోజులు రావాలని. పాపం కొత్తగా స్కూల్ ఫీజు కట్టేశాడు, కదల్లేడు. అది చూశాక నాకూ వారానికి ఐదు రోజులూ ఆఫీసే అనుకునే ఇల్లు చూద్దాం, తక్కువైతే అదృష్టం అని ఒప్పుకున్నాం. ఆఫీసు పాలసీ ఒక్క మెయిల్ తో మారుతుంది, ఇల్లు మారాలంటే ప్యాకర్సూ, అడ్వాన్సూ, గ్యాస్ కనెక్షనూ, స్కూలూ, ఎంత తతంగం.

మొదట చూసింది మణికొండ, పుప్పాలగూడ వైపు, ఎందుకంటే అందరూ అదే చెప్పారు కాబట్టి. మాకు చెప్పిన రేట్లు డబుల్ బెడ్‌రూమ్ కి ముప్ఫై వేలకి అటూఇటూ, మెయింటెనెన్స్ వేరే, రెండు నెలల అడ్వాన్స్, బ్రోకర్ కి ఒక నెల అద్దె. డబ్బు సంగతి అలా ఉంచితే, మ్యాప్ లో నా ఆఫీసుకి ఐదారు కిలోమీటర్లే, సాయంత్రం ఏడుకి బయోడైవర్సిటీ జంక్షన్ దాటి వెళ్ళి చూశాం, ఆ ఐదారు కిలోమీటర్లకే అరగంట దాటింది. ఇది నాకు. మావారు అదే ట్రాఫిక్ లో రాయదుర్గం స్టేషన్ కి వచ్చి, అక్కణ్ణుంచి మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దాకా వెళ్ళాలి. ఎండాకాలం వాటర్ ట్యాంకర్లు తెప్పించుకుంటామని వాచ్‌మన్ మాటల్లో మాటగా చెప్పాడు, ఓనర్ గారు చెప్పలేదు లెండి. అంత అద్దె కట్టి అంత దగ్గర్లో ఉండి కూడా రోడ్డు మీదే ఉండాలంటే ఎందుకో మనసొప్పలేదు.

తర్వాత అమీన్‌పూర్, బీరంగూడ. అక్కడ ఇళ్ళు చూస్తే నిజంగా ఆశ పుడుతుంది, అదే అద్దెలో సగానికి పెద్ద హాలు, రెండు బాల్కనీలు, కార్ పార్కింగ్, గాలి వెలుతురు. అత్తయ్యగారికైతే పూజగది చూడగానే నచ్చేసింది. మేం వెళ్ళింది ఆదివారం పొద్దున, చందానగర్ మీదుగా ఎక్కడా ఆగకుండా వచ్చేశాం, ఓనర్ కూడా మంచాయనే, టీ ఇచ్చి కూర్చోబెట్టి "ఇప్పుడైతే మియాపూర్ పోవాలె మేడం, గానీ మెట్రో పటాన్‌చెరు దాకా వస్తుంది, ఇంక మీకు ఫికర్ లేదు" అన్నాడు. మియాపూర్ నుంచి పటాన్‌చెరు లైన్ మెట్రో రెండో దశ ప్లాన్ లో ఉన్న మాట నిజమే, 2024 లో రాష్ట్రం కేంద్రానికి పంపింది కూడా. కానీ ప్లాన్ లో ఉన్న లైన్ కి నేను ఇవాళ అద్దె కట్టడమేంటి? మొదటి దశలో మియాపూర్ నుంచి నాగోలు దాకా 2017 నవంబర్లో మొదలైతే రాయదుర్గం దాకా రైలొచ్చేసరికి 2019 నవంబర్ అయింది, అదీ పిల్లర్లు అప్పటికే నిలబడి ఉన్న లైన్ కి. ఇల్లు కొనేవాళ్ళు ఇరవై ఏళ్ళు ముందుకి చూసి కొంటారు, వాళ్ళ లెక్క వేరు. మన అగ్రిమెంటు పదకొండు నెలలది.

ఆదివారం చూసిన రోడ్డుని లెక్కలోకి తీసుకోకూడదని మావారు పట్టుబట్టారు, ఇందులో మాత్రం ఆయన మాటే కరెక్ట్. అందుకని ఒక బుధవారం ఇద్దరం సెలవు పెట్టుకుని, పొద్దున ఎనిమిదింటికల్లా ఆ అమీన్‌పూర్ ఇంటి గేటు ముందు నిలబడి, అక్కణ్ణుంచి ఆఫీసుకి వెళ్తున్నట్టే స్కూటీ మీద బయల్దేరాం. బుధవారమే ఎందుకంటే సోమ, శుక్రవారాలు చాలామంది ఇంట్లోంచి పని చేస్తారు, మంగళ బుధ గురువారాల్లోనే అసలు రద్దీ బయటపడుతుంది. చందానగర్ దాకా ఒక ఎత్తు, హఫీజ్‌పేట నుంచి కొత్తగూడ మీదుగా వెళ్ళడం ఇంకో ఎత్తు. అక్కడ ఫ్లైఓవర్లు ఉన్నాయి, ఫ్లైఓవర్ మీద ఎగిరొచ్చినట్టే వస్తాం, దిగగానే అందరం కలిసి సిగ్నల్ దగ్గర ఆగుతాం. ఆ రోజు నాకు అర్థమైందేంటంటే కిలోమీటర్లు లెక్కపెట్టడం దండగ, జంక్షన్లు లెక్కపెట్టాలి. పద్ధెనిమిది కిలోమీటర్లలో రెండే జంక్షన్లుంటే అది దగ్గర, ఏడు కిలోమీటర్లలో ఆరు జంక్షన్లుంటే అది దూరం. మ్యాప్ లో కూడా ఇప్పుడు బయల్దేరితే ఎంత అని కాకుండా, ఫలానా రోజు ఫలానా టైముకి బయల్దేరితే ఎంత అని పెట్టుకుని చూడొచ్చు, అది ఇరవై ఐదు నుంచి యాభై నిమిషాలు అని రేంజ్ చూపిస్తుంది కదా, అందులో పెద్ద అంకెనే తీసుకోండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువుంటే ఆ దారి అంత నమ్మలేనిదని అర్థం.

లింగంపల్లి నుంచి ఎమ్ఎమ్‌టీఎస్ (లోకల్ రైలు) కూడా ఎక్కి చూశాను. టికెట్ ఐదు రూపాయలతో మొదలు, ఈ రోజుల్లో ఐదు రూపాయలకి ఏమొస్తుంది చెప్పండి, 2003 నుంచి నడుస్తోంది, టైముకి వస్తే అంత మంచి ప్రయాణం ఇంకోటి లేదు. టైముకి వస్తేనే. దూరప్రాంతాల రైళ్ళు కూడా అదే ట్రాక్ మీద వెళ్తాయి, వాటికి దారివ్వాలి కాబట్టి మనది ఆగుతుంది, ఒకటి పోతే మళ్ళీ ఎప్పుడో తెలీదు. ఇంకో మెలిక ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి: హైటెక్ సిటీ ఎమ్ఎమ్‌టీఎస్ స్టేషన్ వేరు, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ వేరు, రెండింటికీ మధ్య రెండు కిలోమీటర్ల పైనే ఉంటుంది. "హైటెక్ సిటీకి డైరెక్ట్ ట్రైన్" అని ఇంటి యాడ్ లో రాస్తే ఏ హైటెక్ సిటీయో అడగాలి. మీ ఆఫీసు ఆ స్టేషన్ దగ్గర్లో ఉండి, టైమింగ్స్ కాస్త అటూఇటూ అయినా పర్లేదు అనుకుంటే మాత్రం చందానగర్, హఫీజ్‌పేట వైపు ఇళ్ళు నిజంగా చూడొచ్చు, నాకే ఆఫీసు రాయదుర్గంలో ఉండటం వల్ల కుదర్లేదు.

బాచుపల్లి, నిజాంపేట కూడా ఒక చూపు చూశాం, జేఎన్‌టీయూ జంక్షన్ దాటడానికి పట్టిన టైముకే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కొచ్చేశాం. కొంపల్లి ఆయనకి బావుంటుంది, నేనైతే దారిలో రెండుసార్లు మారాలి. కొల్లూరు, తెల్లాపూర్ వైపు కార్లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కితే హాయిగా ఉంటుందని చాలామంది అంటారు, నిజమే, 158 కిలోమీటర్ల రింగ్ రోడ్డు, సిగ్నళ్ళుండవు, కానీ రోజూ టోల్, ఎగ్జిట్ దగ్గర దిగేటప్పుడు మళ్ళీ అందరం కలిసే దిగాలి. పైగా దాని మీదకి టూవీలర్లని రానివ్వరు, మాకున్నదేమో ఒక స్కూటీ. సర్వీస్ రోడ్డు ఉంటుంది గానీ రాత్రిపూట ఆడపిల్ల ఒక్కతే వెళ్ళే రోడ్డు కాదు, నా అభిప్రాయం అంతే.

ఇలా తిరిగి తిరిగి విసుగొచ్చిన టైములో ఒక రాత్రి మావారు మెట్రో మ్యాప్ ముందేసుకుని కూర్చుని, "మన గొడవంతా రోడ్ల మీద చూస్తున్నాం గానీ, మనిద్దరి ఆఫీసులూ ఒకే లైన్ మీద ఉన్నాయి చూడు" అన్నారు. నిజమే, బ్లూ లైన్, నాగోలు నుంచి రాయదుర్గం. రాయదుర్గం చివరి స్టేషన్, పరేడ్ గ్రౌండ్ మధ్యలో. ఇన్నాళ్ళూ మేం రెండు ఆఫీసులకీ మధ్యలో ఎక్కడో ఇల్లు వెతికాం, అందరూ అదే చేస్తారు, మధ్యలో ఉంటే ఇద్దరికీ న్యాయం అని. కానీ మధ్యలో ఇల్లు తీసుకుంటే ఒకళ్ళు అటు, ఒకళ్ళు ఇటు వెళ్ళాలి. అదే లైన్ చివర తీసుకుంటే ఇద్దరం ఒకే రైలెక్కి ఆయన ముందు దిగుతారు, నేను చివర దిగుతాను, ఎవ్వరం ఎక్కడా రైలు మారక్కర్లేదు.

ఇంక ఆ లైన్ మీదే ఏ స్టేషన్ అన్న ప్రశ్న మిగిలింది. అమీర్‌పేట, బేగంపేట నాకు బాగా దగ్గర, కానీ బిల్డింగులు పాతవి, పార్కింగ్ ఉండదు, అద్దె కూడా తక్కువేం కాదు. తార్నాక, హబ్సిగూడ చాలా బావుంటాయి, చెట్లూ, పాత కాలనీలూ, స్కూళ్ళూ, మావారికి అక్కడే ఉండాలని చాలా కోరిక. నేనే ఒప్పుకోలేదు, ఎందుకో చెప్తా.

మన మెట్రో రైళ్ళకి మూడే బోగీలు. పొద్దున నాగోలులో ఎక్కితే ఖాళీ రైలు, సీటు ఖాయం. ఉప్పల్లో కూడా చాలావరకు దొరుకుతుంది. హబ్సిగూడ, తార్నాక వచ్చేసరికి సీట్లు అయిపోతాయి, సికింద్రాబాద్ లో నిండిపోతుంది, ఇక అమీర్‌పేటలో మియాపూర్, ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చిన రెడ్ లైన్ జనం మొత్తం మెట్లెక్కి ఈ రైల్లోకి మారతారు, అక్కణ్ణుంచి మాధాపూర్ దాకా చెయ్యి పైకెత్తితే దించే చోటు ఉండదు. తార్నాకలో ఎక్కితే నాకు ఓ పావుగంట కలిసొస్తుంది గానీ నిలబడి వెళ్ళాలి. నాగోలులో ఎక్కితే గంట లోపు, కానీ కూర్చుని. అటు రాయదుర్గం కూడా చివరి స్టేషనే కాబట్టి సాయంత్రం కూడా అంతే, మరీ రద్దీగా ఉంటే ఒక రైలు వదిలేసి లైన్లో ముందు నిలబడితే నాలుగైదు నిమిషాల్లో వచ్చే తర్వాతి దాంట్లో సీటు. కూర్చున్న గంటా, బండి నడిపిన నలభై నిమిషాలూ ఒకటి కాదు. బండి మీద నలభై నిమిషాలు అంటే నలభై నిమిషాలూ పోయినట్టే, పైగా నడుమునొప్పి, పొగ. కూర్చున్న గంటలో నేను మెయిల్స్ చూసేస్తా, కూరగాయలు ఆర్డర్ పెట్టేస్తా, లేదంటే సికింద్రాబాద్ వచ్చేలోపు నిద్రపోతా. ఇల్లు వెతికేటప్పుడు ప్రయాణం ఎన్ని నిమిషాలు అని అడుగుతారు గానీ ఆ నిమిషాల్లో మన చేతులు ఖాళీగా ఉంటాయా లేదా అని ఎవరూ అడగరు.

సరే నాగోలు, ఉప్పల్ చుట్టుపక్కల అని ఫిక్స్ అయ్యాం. ఇక్కడ్నుంచి అసలు పని మొదలైంది, ఎందుకంటే స్టేషన్ దాకా వెళ్ళే ఆ రెండు కిలోమీటర్లే మొత్తం ప్రయాణాన్ని నిలబెట్టేదీ, పాడుచేసేదీ. యాడ్స్ లో ప్రతి ఇల్లూ మెట్రోకి ఐదు నిమిషాలే. ఒకాయన బోడుప్పల్ లో ఇల్లు చూపించి "ఈడికెళ్ళి బండి మీద పోతే పదే నిమిషాలు మేడం" అన్నాడు, ఏ టైములో అంకుల్ అని అడిగితే నవ్వేశాడు. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి వైపు అద్దెలు తక్కువ, ఇళ్ళు కొత్తవి, కానీ వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పని 2018 లో మొదలుపెట్టారు, మేం ఇల్లు చూసేనాటికి కూడా పిల్లర్లూ, గుంటలూ, దుమ్మూ అలాగే ఉన్నాయి, ఉప్పల్ రింగ్ రోడ్డు జంక్షన్ దాటడం రోజూ ఒక యుద్ధం. ఇంట్లోంచి ప్లాట్‌ఫాం మీదకి రావడానికే ముప్పావుగంట పడితే ఇంక మెట్రో వేగంగా వెళ్ళి ఏం లాభం. అందుకని స్టేషన్ కి వెళ్ళేటప్పుడు ఉప్పల్ రింగ్ రోడ్డు దాటాల్సిన పని లేని వైపే చూద్దామని గీత గీసుకున్నాం. ఇలా ఒక గీత గీసుకుంటే సగం ఇళ్ళు వాటంతటవే ఎగిరిపోతాయి, వెతుకులాట తేలికవుతుంది.

అంటే నాగోలు స్టేషన్ వెనక కాలనీలు. ఇక్కడ బ్రోకర్ల కంటే టులెట్ బోర్డులు నయం, సాయంత్రం పూట కాలనీలో నడుచుకుంటూ వెళ్తే గేట్లకి వేలాడుతూ ఉంటాయి, ఫోన్ చేస్తే ఓనరే ఎత్తుతారు. ప్రతి ఇంటి నుంచీ స్టేషన్ దాకా నడిచి చూశాం, బండి మీద కాదు, నడిచి, అది కూడా ఒకసారి చీకటి పడ్డాక. ఎందుకంటే పొద్దున మావారు స్కూటీ మీద దింపినా రాత్రి నేను ఎనిమిదికో తొమ్మిదికో ఒక్కదాన్నే దిగాల్సి రావచ్చు. వీధి లైట్లు వెలుగుతున్నాయా, ఆ టైముకి షాపులు తెరిచి ఉంటున్నాయా, కుక్కల గుంపు ఏ మలుపులో ఉంటుంది, రోడ్డు దాటడానికి చోటుందా, షేర్ ఆటోలు ఆ టైములో ఉంటాయా, ఇవేవీ మ్యాప్ లో కనపడవు. ఒక ఇల్లు అన్ని విధాలా నచ్చింది, స్టేషన్ కి కిలోమీటరే, కానీ మధ్యలో ఖాళీ ప్లాట్ల మీదుగా వెళ్ళాలి, రాత్రి చూస్తే ఆ వీధిలో ఒక్క దీపం లేదు. వదిలేశాం. అత్తయ్యగారు ఇంకా తల్చుకుంటూ ఉంటారు ఆ ఇంటిని.

వానల సంగతి కూడా అడగాలి ఇటు వైపు. 2020 అక్టోబర్లో పడ్డ వానలకి హైదరాబాద్ లో చెరువుల కింద ఉన్న కాలనీలు ఎన్నో మునిగాయి, మూసీ అవతలా ఇవతలా కూడా. ఓనర్ని అడిగితే మా వీధిలోకి నీళ్ళే రాలేదంటారు, ఎవరైనా అదే అంటారు. నేను ఇస్త్రీ బండి ఆయన్ని అడిగాను, "అన్నా, 2020 లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినయ్" అని, చెయ్యెత్తి ఇదిగో ఈ మెట్టు దాకా అని చూపించాడు. ఆ వీధి కూడా వదిలేశాం. సెల్లార్ పార్కింగ్ ఉన్న బిల్డింగ్ అయితే ఇది ఇంకా గట్టిగా అడగాలి. ఇల్లు మునగకపోయినా స్టేషన్ కి వెళ్ళే దారి మునిగితే ఒకటే కదా.

చివరికి దొరికిన ఇల్లు స్టేషన్ కి నడిస్తే పావుగంట, సెకండ్ ఫ్లోర్, లిఫ్ట్ ఉంది, డబుల్ బెడ్‌రూమ్, పదిహేడు వేలు, మెయింటెనెన్స్ పదిహేను వందలు. స్కూలు రెండు వీధుల అవతల, అత్తయ్యగారు నడిచి వెళ్ళి తీసుకురాగలరు. హాలు చిన్నది, అమీన్‌పూర్ ఇంటితో పోలిస్తే బాల్కనీ అని పిలవడానికి కూడా లేదు.

ఖర్చు లెక్క కూడా చెప్తా, చాలామంది అద్దె ఒక్కటే చూస్తారు కాబట్టి. మెట్రోలో నాది ఈ చివర నుంచి ఆ చివరికి కాబట్టి పై స్లాబు చార్జీ పడుతుంది, 2025 మేలో చార్జీలు పెంచి మళ్ళీ కొంచెం తగ్గించాక గరిష్టం 69 రూపాయలు. రానూపోనూ నూట ముప్ఫై ఎనిమిది. నెలకి ఇరవై రోజులు వెళ్ళినా రెండువేల ఏడువందల అరవై, మావారిది దూరం తక్కువ కాబట్టి అంతకంటే తక్కువే. అంటే అద్దె, మెయింటెనెన్స్, ఇద్దరి మెట్రో చార్జీలు అన్నీ కలిపినా మణికొండ అద్దె దాకా వెళ్ళదు. అమీన్‌పూర్ తో పోలిస్తే మాత్రం అద్దె రెండుమూడు వేలు ఎక్కువే పడింది, కానీ అక్కడ రోజూ పెట్రోలు, వాన పడ్డ రోజు క్యాబు, క్యాబ్ దొరకడం కష్టమైతే రెండింతల రేటు, ఇవన్నీ వేసుకుంటే ఆ మిగులు మిగిలేది కాదు. స్టేషన్ దగ్గర పార్కింగ్ కి కూడా డబ్బులు పడతాయి, అది నెలంతా చూసుకుంటే తక్కువేం కాదు, మేం నడుస్తున్నాం కాబట్టి తప్పింది.

వానాకాలంలో తెలిసింది అసలు తేడా. సాయంత్రం పెద్ద వాన పడితే హైటెక్ సిటీ ఎలా ఉంటుందో తెలుసు కదా, పోలీసులే ఆఫీసులకి దశలవారీగా లాగౌట్ అవ్వమని చెప్తారు. అలాంటి ఒక రోజు నా పక్క సీటమ్మాయి కొండాపూర్ లో ఇంటికి చేరిన టైముకి నేను నాగోలులో ఇంటికొచ్చి పాపకి అన్నం పెట్టేస్తున్నాను. నాలుగు కిలోమీటర్లు తనది. మరీ గొప్పలు పోవట్లేదు, మామూలు రోజుల్లో తను పావుగంటలో ఇంట్లో ఉంటుంది, నేను ఇంకా బేగంపేట కూడా దాటను. నాకు కావాల్సింది రోజూ ఒకే టైముకి ఇంటికి చేరడం, తనకి కావాల్సింది మామూలు రోజుల్లో త్వరగా చేరడం, ఎవరి ఇల్లు వాళ్ళకి కరెక్టే.

కష్టాలు లేవని కాదు. అమీర్‌పేట తర్వాత మన సీటు దగ్గర నిలబడ్డవాళ్ళ బ్యాగులన్నీ మన ఒళ్ళోనే, లేడీస్ కి కేటాయించిన వైపు కూడా అంతే. ఆఫీసులో రిలీజ్ పని ఉండి రాత్రి చివరి రైలు తప్పితే అక్కణ్ణుంచి క్యాబ్ అంటే గుండె గుభేలుమంటుంది, అలాంటి రోజుల్లో ఆఫీసు క్యాబ్ ఇస్తేనే ఉంటానని మేనేజర్ కి ముందే చెప్పేశాను. మా టీమ్ వాళ్ళందరూ అటువైపే కాబట్టి ఆఫీసయ్యాక ఎక్కడికైనా వెళ్దామంటే నేను ఉండను, పుట్టినరోజులకి కేక్ కట్ చేసి నా ముక్క తీసుకుని స్టేషన్ కి వచ్చేస్తా. పాపకి జ్వరం వచ్చిందని స్కూలు నుంచి ఫోన్ వస్తే నేను చేరేసరికి గంటంపావు. ఈ ఒక్కటి మాత్రం ముందే ఆలోచించాం, మావారు మెట్రో ఎక్కాక ఇరవై నిమిషాల పైచిలుకులో నాగోలులో దిగుతారు, కాబట్టి స్కూలు డైరీలో మొదటి నంబర్ ఆయనదే రాశాం. టీచర్ గారు మాత్రం అలవాటు కొద్దీ నాకే చేస్తారు, నేను ఆయనకి చేస్తాను. పిల్లలున్నవాళ్ళు ఇద్దరూ ఇంటికి గంట దూరంలో పనిచేసేలా మాత్రం ఇల్లు తీసుకోకండి, అంతకంటే ఇరుకు ఇల్లయినా పర్లేదు.

అగ్రిమెంటులో మేం పట్టుబట్టి రాయించుకున్నది నోటీస్ పీరియడ్. ఓనర్ గారు రెండు నెలలన్నారు, మేం ఒక నెల అన్నాం, మావారి ఆఫీసు మారినా నా ఆఫీసు మారినా ఈ లెక్కంతా తలకిందులవుతుంది కాబట్టి అది వదులుకోలేదు, దాని బదులు పెయింటింగ్ చార్జీలు మేమే భరిస్తామని ఒప్పుకున్నాం. పదకొండు నెలలయ్యాక మొన్న రెన్యువల్ కి వస్తే ఓనర్ గారు పది శాతం పెంచుతానన్నారు. ఎందుకు అంకుల్ అంటే, "నాగోలు నుంచి ఎయిర్‌పోర్టుకి మెట్రో పడుతుంది కదమ్మా, అప్పుడు ఈ ఏరియా రేటే వేరు" అన్నారు. పడ్డాక పెంచండి, అప్పుడు మేమే ఇస్తాం అన్నారు మావారు. అటూఇటూ లాగి ఐదు శాతానికి తెగింది, కిచెన్ లో చిమ్నీ పెట్టించే షరతు మీద.